పెండ్లిపీటల మీద చాకు బేరం

మొదలుపెట్టే ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక పెండ్లి ఆగిపోతుంది. ఆ పెండ్లి నాదే. ఆపిందీ నేనే. ముహూర్తం బాగాలేక కాదు, వాన పడి కాదు, వియ్యాలవారి మర్యాదలు తక్కువై కాదు. అరచేతిలో ఇమిడేంత ఒక చాకు వల్ల. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఎవరి పెండ్లిలోనూ జరగలేదని మా చుట్టాలందరూ ఒక్కమాట మీద తేల్చేశారు. నేనూ కాదనలేదు.

నిజానికి చెప్పే ఓపిక లేదు. చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. మా ఇంట్లో ఎవరికి ఏ శుభకార్యం వచ్చినా ముందు నన్ను కూర్చోబెట్టి ఈ కథ చెప్పించుకుంటారు. కడుపుబ్బ నవ్వుతారు. ఆ తర్వాతే పసుపు దంచుతారు. నేను చెప్పనని భీష్మించుకుంటే మా ఇంటావిడ రాజవ్వ చెబుతుంది. ఆమె చెప్పే కథలో నేను ఇంకా పెద్ద గాడిదను. అందుకని నడుము నొప్పి ఉన్నా, నా గాడిదతనం నేనే చెప్పుకోవడం మేలు.

నిజాం రాజ్యం రోజులు. జర్మనీవాడి యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మాది కామారెడ్డి. స్టేషన్‌కు అవతల మా బాపుకు సొంత పొలం, ఎడ్లు, బండి, వీటన్నిటి మధ్య ఒక్కగానొక్క కొడుకుగా గంగారాం అనే నేను. ఒకడికి పేకాట, ఒకడికి కల్లు, ఇంకొకడికి కోడిపందేలు. పుర్రెకో బుద్ధి అన్నారు. నా పుర్రెలోకి చాకులు దూరాయి.

మడిచి జేబులో పెట్టుకునే చాకులు. చాకులో చూడటానికి ఏముంటుంది, కోస్తుంది, అంతే కదా అంటారు మీరు. అనండి. మీ పెండ్లిళ్లు సవ్యంగా జరిగి ఉంటాయి. నా కంటికి మాత్రం ఏ చాకు తీరు దానిదే. గొర్రెలు కాసేవాళ్ల చాకుకు పిడి చివర చిన్న కడియం ఉంటుంది, మొలతాడుకు కట్టుకోవడానికి. కచేరీ గుమాస్తాల చాకు సన్నగా ఉంటుంది, రెల్లు కలం చెక్కడానికి. తమలపాకులు అమ్మేవాళ్లది పొట్టిగా, ముక్కు మొండిగా ఉంటుంది. పిడి బర్రె కొమ్ముదైతే చేతికి చల్లగా తగులుతుంది, కర్రదైతే వెచ్చగా ఉంటుంది. ఇక పిడి లోపల కమాను అని ఒక ఉక్కు బద్ద ఉంటుంది, చాకు తెరిచినా మడిచినా బిగించి పట్టేది అదే. దాని చప్పుడు వినాలి! మంచి చాకు ‘టక్’ అంటుంది. నాసిరకం చాకు ‘టిక్’ అంటుంది. మరీ దిక్కుమాలినది ఏమీ అనదు, వేలు కోస్తుంది.

స్టేషన్ దగ్గర పాత ఇనుప సామాన్లు అమ్మే ఖాదర్ భాయి నా పాలిటి దేవుడు, మా బాపు పాలిటి శని. ఒకటిచ్చి ఇంకొకటి మార్చుకోవడానికి రోజూ ఆయన దుకాణం ముందు వాలేవాడిని.

“గంగారాం, నిన్న తీస్కపోయిన చాకు ఎట్లున్నది?”

“కమాను జెర వదులున్నది భాయి. మొన్నటిది దీనికంటే నయం.”

“మరి మొన్నటిది నాకిచ్చి నిన్నటిది ఎందుకు తీస్కపోయినవ్?”

“దీని పిడి మంచిగున్నది.”

“పిడి దీనిది, కమాను దానిది కావాల్నంటే నాతోని కాదు. అల్లాకు దర్ఖాస్తు పెట్టుకోవాలె.”

పిచ్చి అక్కడితో ఆగితే ఇంట్లోవాళ్లు ఎలాగో భరించేవాళ్లు. నాకు ఇంకొక రోగం ఉండేది. కొత్త చాకు చేతికి రాగానే పదును చూడకుండా ఉండలేను. అందరూ గోరు మీద చూసుకుంటారు. నాకు బట్ట కావాలి. దగ్గర్లో ఏ బట్ట ఉంటే దాని మీద ఒక్కసారి అలా లాగుతాను. చెయ్యి దానంతటదే పోతుంది, నాకు తెలియను కూడా తెలియదు. మా బాపు ధోవతులన్నిటికీ అంచు దగ్గర ఒక కోత ఉండేది. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, చీర ఆరేస్తే అది ఆరేదాకా పక్కన కర్ర పట్టుకొని కూర్చునేది. ఒకసారి గంజిలో, అంటే ధాన్యం బజారులో, ఒక షావుకారి జొన్న బస్తా మీద పదును చూశాను. అది చూసుకోకుండా బండి కదిలింది. బండి వెంట జొన్నలు, జొన్నల వెంట పిచ్చుకలు, పిచ్చుకల వెంట షావుకారు, షావుకారి వెంట దండాలు పెడుతూ మా బాపు. పిచ్చోడి చేతిలో రాయి అంటారు గానీ, రాయి నయం. రాయికి కోసే గుణం లేదు.

ఈ రోగం వల్లే నా మొదటి సంబంధం పోయింది. పిల్ల తండ్రి మాట్లాడుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. ఆయన నడుముకు ఒక చాకు వేలాడుతోంది. మర్యాదగా అడిగాను, ఆయన మురిసిపోయి చూపించాడు. పదును ఆయన కండువా మీదే చూశాను. ఆ కండువా కొత్తది. మేం పెట్టిన పలహారం కూడా ముట్టకుండా ఆయన వెళ్లిపోయాడు. రెండో సంబంధం వాళ్లు ఆయనకు చుట్టాలట, మా గడప దాకా కూడా రాలేదు. అప్పటి నుంచి చుట్టుపక్కల నా పేరు ‘చాకుల పిల్లగాడు’.

“నీకు పిల్లనిచ్చెటోడు ఇగ పుట్టాలెరా,” అన్నాడు బాపు. “ఏ ఇంటికి పోయినా, మా బిడ్డ ఒంటి మీద బట్ట మిగుల్తదా అని అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?”

చివరికి ఎల్లారెడ్డిలో సంబంధం కుదిరింది. అంత దూరం నా కీర్తి ఇంకా పాకలేదు. పెద్దవాళ్లే పోయి పిల్లను చూసి, తాంబూలాలు మార్చుకొని వచ్చారు. వచ్చిన రోజే బాపు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“ఇదొక్కటే మిగిలింది కొడుకా. గిది గూడ చెడిందంటే ఇగ నీకు పెండ్లి లేదు. మీ అవ్వ చేతనైనన్నాళ్లు వండి పెడ్తది, అటెన్క మనింట్ల పొయ్యి లేవది. సమజైందా?”

“సమజైంది బాపు.”

“చాకులన్నీ ఇటియ్యి.”

అన్నీ ఒక చెక్కపెట్టెలో వేసి, తాళం పెట్టి, తాళంచెవిని తన మొలతాడుకు కట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మీసాలొచ్చిన మగవాణ్ని, మా అవ్వ కొంగు పట్టుకొని ఏడ్చాను. ఆమె కొంగు తుడుచుకోవడానికి ఇచ్చినట్టే ఇచ్చి, నా చేతుల్లో ఏమీ లేదు కదా అని ముందు చూసుకుంది. పెండ్లి అయ్యేదాకా పరాయి చాకు ముట్టనని బాపు నాతో ఒట్టు కూడా వేయించుకున్నాడు.

కానీ మా దిక్కు ఒక ఆచారం ఉంది. పసుపు పెట్టిన రోజు నుంచి అప్పగింతలు అయ్యేదాకా పెండ్లికొడుకు చేతిలో ఇనుము ఉండాలి. గాలి ధూళి సోకకుండా, దిష్టి తగలకుండా ఒక కత్తికి నిమ్మకాయ గుచ్చి చేతికిస్తారు. తింటున్నా, పడుకున్నా అది విడవకూడదు. పెండ్లికూతురి చేతిలోనూ అంతే. చూశారా నా ఖర్మ! తాగుబోతు చేత ఒట్టు వేయించుకొని, కల్లు ముంత చేతికిచ్చి కూర్చోబెట్టినట్టు.

పోనీ, ఇచ్చింది మంచి చాకా అంటే అదీ కాదు. మా తాత పెండ్లిలో పట్టింది, బాపు పెండ్లిలో పట్టింది. చింతకర్ర పిడి ఒకవైపు పగిలితే ఎవరో సుతిలి తాడు చుట్టారు. కమాను లేదు. మడిస్తే ముసలాయన నోరు మూసుకున్నట్టు నిమ్మళంగా మూసుకునేది.

“గిది పట్టుకొని ఎల్లారెడ్డికి పోవాల్నా బాపు? అక్కడోళ్లు చూసి ఏమనుకుంటరు?”

“వాళ్లు చూసేది నీ మొకంరా. చాకును కాదు.”

“నేనైతే చాకునే చూస్త.”

“గందుకే నీకు ఇంకా పెండ్లి కాలే,” అన్నాడు బాపు.

ఎడ్లబండ్లు కట్టుకొని బయలుదేరాం. లింగంపేట దాటాక బండి ఒక గుంతలో పడి లేచింది. నిమ్మకాయతో సహా చాకు నా తొడలో దిగబోయింది. “బాపు, జెర పట్టుకో,” అని ఇవ్వబోతే ఆయన నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగాడు.

“చేతికిస్తవేందిరా! తెల్వదా నీకు?”

తెలియకేం! ఇనుము, ఉప్పు, మిరపకాయలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలో పెట్టకూడదు. పెడితే ఇద్దరికీ జగడం వస్తుంది. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. ఇది మా దిక్కు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

మర్నాడు పొద్దున ముహూర్తం. పచ్చటి పందిరి, సన్నాయి, బంధువులు. పీటల మీద నన్ను ఇటు కూర్చోబెట్టారు, పెండ్లికూతుర్ని అటు. మధ్యన అడ్డుతెర. ఆ తెర మామూలు బట్ట కాదు, పెండ్లికూతురి అమ్మమ్మ తన పెండ్లినాడు కట్టుకున్న పట్టుచీర. ఒక కొస అమ్మమ్మే పట్టుకుంది. రెండో కొస పెండ్లికూతురి మేనమామ పట్టుకున్నాడు. ఆయనది బిచ్కుంద. మామూలుగా తెలుగు మాట్లాడతాడు, కోపమొస్తే మరాఠీ వస్తుంది. పంతులు కళ్లు మూసుకొని మంత్రాలు అందుకున్నాడు. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ వచ్చేదాకా ఆ తెర దించకూడదు, ఒకరినొకరు చూసుకోకూడదు.

ఎంత ముట్టుకోకూడదన్నా, ఎంత చూడకూడదన్నా, తెర కింద జానెడు సందు ఉంటుంది. ఏ పెండ్లికొడుకైనా ఆ సందులోంచి తొంగి చూస్తాడు. పాదమో, పట్టీలో, గోరింటాకు వేళ్లో కనిపిస్తాయి, గుండె జల్లుమంటుంది. నేనూ తల వంచి చూశాను. గోరింటాకు పెట్టిన చెయ్యి కనిపించింది. నా గుండె ఆగిపోయింది. చెయ్యిని చూసి అనుకునేరు, కాదు. చేతిలో ఉన్నదాన్ని చూసి.

అయ్యయ్యో, ఏం చాకండీ అది! నల్లటి కొమ్ము పిడి. రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. పిడి మధ్యలో ఇత్తడి చుక్కలు పువ్వులాగ కూర్చారు. కోసే రేకు వీపు మీద జొన్నకంకి గింజల్లా సన్నసన్నని గాట్లు. గోరు పెట్టి లాగే గాడి అన్ని చాకులకూ అడ్డగీతలాగ ఉంటుంది, దీనికి నెలవంకలాగ వంచి తీశారు. ఖాదర్ భాయి దుకాణం మొత్తం తిరగేసినా ఇలాంటిది దొరకదు. అటు అంత అందం, ఇటు నా చేతిలో సుతిలి చుట్టిన ముసలాయన. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఆ చాకు ఎక్కడిది?” అన్నాను, సందులోంచి, గుసగుసగా.

నా భార్యతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట అదే. జీవితాంతం వెంటపడి వస్తుందని తెలిస్తే ఇంకేదైనా అడిగేవాణ్ని.

అవతల గాజులు కదిలాయి. జవాబు వచ్చింది. “మా అమ్మమ్మది. బిచ్కుందల చేయించిన్రట.”

“కమాను ఉన్నదా?”

“ఏంది?”

“మడిస్తే సప్పుడైతదా?”

“అయితది.”

“టక్ అంటదా, టిక్ అంటదా?”

అలా అడగడం మా ఇంటి ఆచారమేమో, జవాబు తప్పితే పెండ్లి తప్పిపోతుందేమో అని భయపడిందట పాపం. బాగా ఆలోచించుకొని, “టక్ అంటది,” అంది.

ఇక నేను మనిషిని కాదు.

“ఒక్కసారి ఇటియ్యవా? చూసి ఇస్త.”

“ఇనుము ఇడువొద్దన్నరు.”

“నాది నువ్వు పట్టుకో, నీది నేను పట్టుకుంట. ఇద్దరి చేతులల్ల ఇనుము ఉన్నట్టే గద! ఆచారం ఏడ తప్పింది?”

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. నాకైతే ఆత్రంలోనే వకీలు బుద్ధి పుట్టింది. పంతులు కళ్లు తెరవలేదు. తెర కింద నా చెయ్యి అటు పోయింది, ఆమె చెయ్యి ఇటు వచ్చింది. చేతిలోంచి చేతిలోకి, శుభ్రంగా, చాకులు మారిపోయాయి.

నిమ్మకాయ ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాను. చాకు మడిచాను. టక్! సన్నాయివాళ్లు ఊదుతున్నది నాకు వినబడలేదు, ఆ చప్పుడే వినబడింది. తెరిచాను. రేకు ఎండలో మెరిసింది. వీపు మీద గాట్లు వేలితో తడిమాను. కమాను బిగువు చూశాను. ఇంకా చూడవలసింది ఏం మిగిలిందో మీకు తెలుసు. చెయ్యి తనంతట తాను బట్ట కోసం వెతికింది. దగ్గర్లో ఉన్న బట్ట అడ్డుతెర.

సర్ర్‌మంది.

పట్టుచీర నడుమ నుంచి అంచు దాకా చీలిపోయింది. ఆ చీలికలోంచి పెండ్లికూతురు నన్నే చూస్తోంది. నేను కోసిన చోటు చూస్తున్నాను. ఒక్క పోగు లేవలేదు! ఎంత పదును!

సన్నాయి ఆగిపోయింది. పంతులు కళ్లు తెరిచాడు. ముందు అమ్మమ్మ కేక వినబడింది.

“అయ్యో, నా చీర!” తర్వాత నా చెయ్యి చూసింది. “అయ్యో, నా చాకు!” ఆ తర్వాత మనుమరాలి చేతిలో సుతిలి చుట్టిన చాకు చూసి గుండెలు బాదుకుంది. “ఓరి దేవుడా, చేతుల నుంచి చేతులకు ఇచ్చుకున్నరా! ఇగ బతికినన్నాళ్లు వీళ్లు కొట్లాడుకునుడే!”

మేనమామ ఇదేంటని మరాఠీలో మొదలుపెట్టాడు. “హే కాయ్! హే కాయ్!” కాసేపటికి తెలుగు గుర్తొచ్చింది. “పెండ్లికొడుకువా, దర్జీవా? లే బిడ్డా, లే. ఈ పెండ్లి లేదు.”

బాపు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకొని, నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే ప్రాణం ఉసూరుమంది. తిట్టలేదు. కొట్టలేదు. అలిసిపోయిన గొంతుతో అడిగాడు.

“ఎందుకు కోసినవ్ కొడుకా?”

“పదును చూసిన బాపు.”

“ఎట్లున్నది?”

“మస్తున్నది.”

బాపు కళ్లు మూసుకున్నాడు. పొయ్యి లేవని మా ఇల్లు ఆయనకు అప్పుడే కనబడి ఉంటుంది. నాకూ కనబడింది. అందులో నేను ముసలివాణ్ని అయి, ఒంటరిగా కూర్చొని చాకులు మడుస్తూ తెరుస్తూ ఉన్నాను. ఆ క్షణంలో నిజంగా ఏడుపొచ్చింది.

ఆదుకున్నది పంతులు. ఆయనకు ఎల్లారెడ్డిలో ఆ రోజే ఇంకొక పెండ్లి ఉందట. “ఆగుండ్రి, ఆగుండ్రి. ముహూర్తం ఇంకా దాటలే. చేతికి ఇచ్చుకున్న దోషానికి ఇరుగుడు ఉన్నది. రెండు చాకులు కింద పెట్టుండ్రి. భూదేవి తీసుకున్నట్టు అయితది. మళ్లా ఎవలది వాళ్లు తీసుకోండ్రి. కథ ఒడుస్తది.”

అమ్మమ్మ ముక్కు చీదుకుంటూ సరేనంది. మేనమామ పళ్లు కొరుకుతూ సరేనన్నాడు. మోదుగాకు విస్తరి పరిచి రెండు చాకులూ పక్కపక్కనే పెట్టారు. పందిరంతా మెడలు చాపింది.

బాపు నా చెవి దగ్గరికి వంగాడు. “మనది తియ్యి కొడుకా. సుతిలి చుట్టింది మనది. నీకు దండం పెడ్త.”

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నా చెయ్యి మా చాకు వైపే బయలుదేరింది. సగం దాకా బుద్ధిగానే పోయింది. అక్కడ ఇత్తడి చుక్కల మీద ఎండ పడింది.

“ఆఁ!” అంది పందిరి.

నా చేతిలో కొమ్ము పిడి చాకు ఉంది.

మేనమామ తెర కొస వదిలేసి నా మీదికి వచ్చాడు. ఆయన ఏమన్నాడో పూర్తిగా మరాఠీలో ఉంది కాబట్టి నేను బతికిపోయాను. అప్పుడు, తల ఎత్తకూడని పెండ్లికూతురు తల ఎత్తింది. నోరు తెరవకూడని పెండ్లికూతురు నోరు తెరిచింది.

“ఆగు మామా,” అంది. నిదానంగా వంగి సుతిలి చాకు తీసుకుంది. “తీసుకోనియ్యి. ఆ చాకు నా ఎంబడి వచ్చేదే గద. ఈయన తీసుకొని ఏడికి పోతడు?”

ఆమె మా బాపు వైపు తిరిగింది.

“మామా, ఈయన దగ్గర గిసోంటి చాకులు ఇంకేమన్న ఉన్నయా?”

“పెట్టె నిండ ఉన్నయి బిడ్డా.”

“దాని తాళంచెవి?”

“నా మొలతాడుకే ఉన్నది.”

“ఇటియ్యండ్రి.”

మా బాపు అంత హుషారుగా కదలడం నేను అంతకుముందు చూడలేదు. మొలతాడు విప్పలేక తెంపేశాడు. తాళంచెవి కోడలి చేతిలో పెట్టబోయి, అది కూడా ఇనుమేనని గుర్తొచ్చి, గబుక్కున విస్తరిలో పెట్టాడు. ఆమె అందులోంచి తీసుకొని కొంగున ముడి వేసుకుంది.

“ఇగ కానియ్యండ్రి అయ్యగారు,” అంది.

మొదట నవ్వింది అమ్మమ్మే. ఆమె నవ్వాక మేనమామ నవ్వక తప్పింది కాదు. చిరిగిన చీరను మడత పెట్టి మళ్లీ తెర పట్టారు, జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం, పెండ్లి అయిపోయింది. విడిదిలో మా మేనత్త దగ్గరికొచ్చి, “పిల్ల ఎట్లున్నదిరా?” అని అడిగితే, “కొమ్ము పిడి అత్తా, ఇత్తడి తొడుగులు,” అన్నానట. నాకు గుర్తులేదు. అందరూ అన్నానంటున్నారు కాబట్టి అనే ఉంటాను.

తిరుగు ప్రయాణంలో బండిలో రాజవ్వ నా ఎదురుగా కూర్చుంది. చాలాసేపు బయటికే చూసింది. లింగంపేట దగ్గర అడిగింది.

“తెర చినిగినప్పుడు నేను నీ మొకమే చూసిన. నువ్వేం చూసినవ్?”

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చేతిలో అంత గొప్ప చాకు ఉండి కూడా, బండి దిగి పారిపోవాలనిపించింది.

మా గడప తొక్కగానే ఆమె మొదటి మాట, “అప్పగింతలు అయిపోయినయి. ఇగ ఇనుము పట్టుకునే పని లేదు. కింద పెట్టు.” పెట్టాను. తీసుకొని నడుముకు దోపుకుంది. ఆ చాకు మళ్లీ నా జేబు ముఖం చూడలేదు. తర్వాత పెట్టె తెరిచింది. గుమాస్తా చాకుతో బెండకాయలు, గొర్రెల కాపరి చాకుతో ఎండుకొబ్బరి, తమలపాకుల చాకుతో పశువుల పలుపుతాళ్లు. టక్ అనేవన్నీ కొన్నాళ్లకు టిక్ అన్నాయి, ఇంకొన్నాళ్లకు ఏమీ అనడం మానేశాయి. నా వాటాకు మిగిలింది సుతిలి చుట్టిన ముసలాయన ఒక్కడే. ఇప్పుడు ఇద్దరం ఒక్క తీరుగానే మడతపడుతున్నాం.

అమ్మమ్మ మాట పొల్లు పోలేదు. పంతులు ఇరుగుడు పని చేయలేదో, రెండోసారి కూడా నేనే చెడగొట్టానో గానీ, అప్పటి నుంచి మేం కొట్లాడుకోని రోజు లేదు. పప్పులో ఉప్పు మీద కొట్లాడతాం, కిటికీ తెరిచే విషయం మీద కొట్లాడతాం. ఏ కొట్లాటైనా చివరికి ఆ పీటల దగ్గరికే పోయి ఆగుతుంది. నాకు విసుగొచ్చింది. ఆమెకు రాలేదు.

మొన్నటికి మొన్న జామకాయ కోసుకుందామని చాకు అడిగాను. నడుము నుంచి తీసి నేల మీద పెట్టింది.

“జెర చేతికియ్యరాదు? మోకాళ్లు వంగుతలేవు.”

“చేతికిస్తే కొట్లాట అయితది.”

“ఇప్పుడైతున్నదేంది మరి?”

“ఇది కొట్లాట కాదు. నేను చెప్తున్న, నువ్వు ఇంటలేవు.”

కొట్లాట రాకుండా చాకు ఎలా ఇవ్వాలన్నదాని మీద పొద్దు వాలేదాకా కొట్లాడుకున్నాం. జామకాయను మేక తినేసింది.

అందుకే, ఇదిగో, ఇంటిల్లిపాది ముందు నిలబడి ప్రమాణం చేశాను. నిలబడి అంటే గోడ పట్టుకొని. “సూర్యచంద్రుల సాక్షిగా, ఇక ఇనుము చేతి నుంచి చేతికి తీసుకోను. ఏ బట్ట మీదా పదును చూడను. వచ్చే జన్మలో పెండ్లి పీటల మీద కూర్చుంటే తెర కింది నుంచి చాకును చూడను, ముందుగా పెండ్లికూతురి ముఖమే చూస్తాను.”

వంటింట్లోంచి రాజవ్వ బయటికి వచ్చింది.

“ఎవల మొకం?” అంది.

తల ఎత్తి చూశాను. ముందు ముఖమే చూశాను, ఒట్టు. చేతిలో చాకు ఉన్న సంగతి తర్వాత చూశాను.